తలాపున కూర్చున్న డాక్టరమ్మ

పత్తర్‌గట్టిలో కింద మా దుకాణం, పైన మా ఇల్లు. కింద పూసలు, గాజులు, పెళ్లి సామాను అమ్ముతాం. పెళ్లిళ్ల రోజులొచ్చాయంటే చాలు, వరంగల్ నుంచీ, కరీంనగర్ నుంచీ, మహబూబ్‌నగర్ నుంచీ ఆడవాళ్లు గుంపులుగా దిగుతారు. పొద్దున్నే మదీనా దగ్గర బస్సు దిగి, గుల్జార్‌హౌజ్ దాటి, చార్మినార్ చుట్టి, లాడ్‌బజార్ అంతా తిరిగి, బేరాలాడి ఆడి మా దుకాణానికొచ్చేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. అప్పుడు వాళ్లలో ఒకావిడ గాజులు చూస్తున్నట్టే చూస్తూ మెల్లగా నా పక్కకు జరుగుతుంది. బాత్‌రూమ్ ఉందా అమ్మా అని చెవిలో అడుగుతుంది. నేను మెట్లు చూపిస్తాను. పాతికేళ్ల పైనుంచి చూపిస్తూనే ఉన్నాను.

అందరూ ఒకలాగే మెట్లెక్కరు. కొందరు గబగబా ఎక్కబోయి మధ్యలో ఆగిపోయి, కాళ్లు దగ్గరగా పెట్టుకుని, కొంగు ముందుకు లాక్కుని నిలబడిపోతారు. కిందికి వచ్చాక ఎవరి ముఖమూ చూడరు. మంచినీళ్లిస్తే వద్దంటారు. పొద్దుటినుంచి గుక్కెడు నీళ్లు తాగకుండానే తిరుగుతున్నారని నాకు తెలిసిపోతుంది. ఎలా తెలుసంటారా? రెండో కాన్పు తరవాత నేనూ అలాగే తిరిగాను. తుమ్మితే భయం, దగ్గితే భయం, ఆడపడుచు ఏదైనా జోకు వేస్తే మరీ భయం! ముదురు రంగు చీరలు తప్ప కట్టుకోవటం మానేశాను. ఏ పెళ్లికి పోయినా ముందు వెతికేది పెళ్లికొడుకును కాదు, బాత్‌రూమ్ ఎటుందో!

అయితే నాది చిన్న బాధ. అసలు బాధ మా అత్తమ్మది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చింది 1996లో. అప్పటికి రెండేళ్ల క్రితమే ఆమెకు జిల్లాలో ఒక నర్సింగ్‌హోమ్‌లో గర్భసంచి తీసేశారు. వారం తిరగకముందే మూత్రం కారటం మొదలైంది. దగ్గినప్పుడో నవ్వినప్పుడో కాదు... పగలూ రాత్రీ, కూర్చున్నా పడుకున్నా బొట్లు బొట్లుగా కారుతూనే ఉండేది. అదే తగ్గిపోతుందిలెమ్మన్నారట. తగ్గలేదు. వెనక గదిలో పాత చీరల మడతలు, గోనెపట్ట, బకెట్టు... అదే ఆమె లోకమైపోయింది. మెట్లు దిగి దుకాణంలోకి వచ్చేది కాదు. చుట్టాలొస్తే తలనొప్పని పడుకునేది. సొంత చెల్లెలి కూతురి పెళ్లికి కూడా పోలేదు. పెద్దావిడకు మడి ఎక్కువని ఊళ్లో అందరూ అనుకున్నారు, మేమూ అలాగే అననిచ్చాం. తొమ్మిదేళ్లు!

2003లో ఆమెను బలవంతాన ఏటి అవతలి పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. మూత్రాశయానికీ యోని దారికీ మధ్య చిల్లు పడిందనీ, దాన్ని ఫిస్టులా అంటారనీ, కుట్టి మూసెయ్యొచ్చనీ అక్కడ చెప్పారు. ఆపరేషన్ నాడు అత్తమ్మ భయమంతా కత్తి గురించి కాదు, ఆ గదిలో ఎవరెవరుంటారో, తన బట్ట ఎవరు చూస్తారోనని. మత్తు ఇచ్చే డాక్టరు ఆడమనిషి. ఆమె అత్తమ్మ తలాపున కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఏ ఊరు పెద్దమ్మా, ఎంతమంది మనవలు అని అడుగుతూనే మత్తు ఇచ్చిందట. తరవాత ఆ డాక్టరమ్మే నాతో వరండాలో మాట్లాడుతూ, మాది పత్తర్‌గట్టి అని తెలిసి నవ్వింది. ప్రపంచంలో మొట్టమొదటి మహిళా మత్తు డాక్టరు మీ ఇంటికి ఆ కనిపించేంత దూరంలోనే పనిచేసిందని మీకు తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. అప్పటినుంచి ఆ పేరు నన్ను వదిలిపెట్టలేదు. రూపాబాయి ఫర్దూన్‌జీ!

ఐదుగురు అమ్మాయిలు

రూపాబాయి పార్శీల ఇంటి ఆడపిల్ల. ఆమె చదువు సంగతి 1885లో మొదలవుతుంది. ఆ సంవత్సరం హైదరాబాదు మెడికల్ స్కూల్లో ఐదుగురు ఆడపిల్లలు చేరారు, వారిలో ఈమె ఒకరు. ఆ స్కూలు 1846 నుంచీ ఉన్నదే. రాజ్యం నిజాముది, చదువు ఉర్దూలో, పాసైనవాళ్లకు ఇచ్చే పట్టా పేరు హకీం. 1885 అంటే ఎంత ముందో ఒక్కసారి ఆలోచించండి. మనం పాఠాల్లో చదువుకున్న ఆనందీబాయి జోషి అమెరికాలో డాక్టరు పట్టా పుచ్చుకున్నది 1886లో. కలకత్తాలో కాదంబినీ గంగూలీ పట్టా అందుకున్నదీ ఆ సంవత్సరమే. మన దేశపు ఆడవాళ్లకు ఆడ డాక్టర్లను ఏర్పాటు చెయ్యాలని వైస్రాయ్ భార్య లేడీ డఫ్రిన్ నిధి పెట్టింది కూడా 1885లోనే. అంటే దేశంలో ఆడ డాక్టర్లను వేళ్ల మీద లెక్కపెట్టే రోజుల్లో మన చార్మినార్ నీడన ఐదుగురు అమ్మాయిలు శవాల ఎముకలు లెక్కపెడుతూ పాఠాలు నేర్చుకున్నారన్నమాట!

ఆ ఏడాదే ఎడ్వర్డ్ లారీ అనే తెల్లదొర రెసిడెన్సీ సర్జన్‌గా హైదరాబాదు వచ్చాడు. మెడికల్ స్కూలు కూడా ఆయన చేతికిందికి వచ్చింది. ఎడింబరోలో చదివినవాడు. మనిషికి ఒకటే పట్టు, అది క్లోరోఫాం. ఇక్కడ క్లోరోఫాం గురించి కాస్త చెప్పుకోవాలి, లేకపోతే రూపాబాయి చేసిన పని విలువ తెలియదు.

కోతకు మత్తు లేని కాలంలో ఆపరేషన్ అంటే నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకోవటమే. 1846లో అమెరికాలో బోస్టన్ నగరంలో ఈథర్ పీల్పించి నొప్పి లేకుండా కోసి చూపించారు. మరుసటి సంవత్సరం నవంబరులో ఎడింబరోలో సింప్సన్ అనే కాన్పుల డాక్టరు ఇద్దరు స్నేహితులతో కలిసి రాత్రి భోజనాలయ్యాక క్లోరోఫాం వాసన చూశాడు. ముగ్గురూ బల్ల కింద పడి నిద్రపోయారు! లేచాక, ఇది దొరికిందిరా అనుకుని కాన్పు నొప్పులకు ఇవ్వటం మొదలుపెట్టాడు. నొప్పులు పడటం ఆడదానికి దేవుడు రాసిన రాత, దాన్ని తప్పించకూడదని మతపెద్దల్లో కొందరు గొడవ చేశారు. 1853లో విక్టోరియా రాణి తన ఎనిమిదో కాన్పుకు క్లోరోఫాం పుచ్చుకునేసరికి ఆ గొడవ చాలావరకు సద్దుమణిగింది. రాణిగారు పుచ్చుకుంటే ఎవరు కాదంటారు!

కాని క్లోరోఫాంకు ఒక చెడ్డ గుణముంది. అప్పుడప్పుడు ఆరోగ్యంగా ఉన్న మనిషే బల్లమీద ఉన్నట్టుండి ప్రాణం విడిచేది. గుండె ఆగి పోతున్నారా, ఊపిరి ఆగి పోతున్నారా అని డాక్టర్లు రెండు పక్షాలుగా చీలిపోయారు. నాడి చూస్తూ ఉండాలని లండన్ వాళ్లు. నాడిని వదిలెయ్యండి, ఊపిరినే కనిపెట్టి ఉండండి, గుండెకేమీ కాదని ఎడింబరో వాళ్లు. లారీ రెండో పక్షం. ఆ మాట నిరూపించటానికి 1888లో హైదరాబాదులో ఒక కమిషన్ వేయించాడు. లండన్ వాళ్లు నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చి, మీ మనిషినే పంపి చూసుకోండని లాన్సెట్ పత్రికకు కబురుపెట్టారు. లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు 1889లో ఓడెక్కి వచ్చాడు. రెండో కమిషన్ కూర్చుంది. వందలాది జంతువుల మీద, అందులో మన వీధికుక్కలే ఎక్కువ, పరీక్షలు చేసి లారీ చెప్పిందే సరి అని తేల్చారు. పాపం ఆ కుక్కలు! అంత చేసీ ఆ తీర్పులో సగం తప్పని తరవాత తేలింది. క్లోరోఫాం చాలకుండా ఇచ్చినప్పుడు కూడా గుండె లయ తప్పి ఆగిపోవచ్చని 1911లో లండన్‌లో లెవీ అనే డాక్టరు రుజువు చేశాడు. అయితే మిగిలిన సగం, అంటే రోగి ఊపిరి మీదినుంచి కన్ను తీయవద్దన్న పాఠం, ఈనాటికీ పాతబడలేదు.

రూపాబాయి హకీం పట్టా పుచ్చుకుని బయటికి వచ్చింది సరిగ్గా ఆ 1889లోనే. ఊరంతా క్లోరోఫాం మాటే నడుస్తున్న రోజుల్లో అన్నమాట.

చుక్కలు లెక్కపెట్టిన చెయ్యి

మిగతా ఆడ డాక్టర్లు కాన్పులవైపు పోతే, ఈమె మత్తు ఇచ్చే పని ఎంచుకుంది. 1889 నుంచి 1917 దాకా, అంటే ఇరవై ఎనిమిదేళ్లపాటు, ఈ ఊరి ఆస్పత్రుల్లో క్లోరోఫాం ఇస్తూనే ఉంది. ఒకటి రెసిడెన్సీ ఆస్పత్రి, ఇప్పటి సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆస్పత్రి. రెండోది అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి, తరవాతి కాలపు ఉస్మానియా. మూడోది విక్టోరియా జనానా ఆస్పత్రి, పాతబస్తీలో మా పెద్దవాళ్లు జచ్చగీఖానా అంటారు. దానికి 1906లో ఇంగ్లండు యువరాణి వచ్చి శంకుస్థాపన చేసింది. మా పత్తర్‌గట్టి నుంచి నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్, దాటకుండా ఏటి గట్టున పక్కకు తిరిగితే జచ్చగీఖానా. నేను రోజూ కూరగాయల సంచితో నడిచే దారే. అయితే ఆమె నడిచిన తొలి రోజుల్లో ఈ రాతి కమాన్ల వరుస లేదు లెండి. 1908 సెప్టెంబరు మూసీ వరద పాత ఊరిని ఊడ్చుకుపోయాక, 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టారు, ఆ తరవాత ఈ రాతి దుకాణాలు లేచాయి. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి కూడా ఆ వరదలోనే పోయింది.

మత్తు డాక్టరు పని బయటికి కనిపించే పని కాదు. కోసినవాడి పేరు చెప్పుకుంటారు, కుట్టినవాడి పేరు చెప్పుకుంటారు, నిద్రపుచ్చి నిద్ర లేపినవాళ్ల పేరు ఎవరడుగుతారు? ఆ రోజుల్లో యంత్రాలు లేవు, తెరమీద గీతలు లేవు. బట్ట మీద క్లోరోఫాం చుక్కలు వేసి ముక్కు దగ్గర పట్టాలి. ఒక చుక్క ఎక్కువైతే ఊపిరి పోతుంది, తక్కువైతే రోగి కత్తికింద లేచి కూర్చుంటుంది. రొమ్ము లేస్తోందా, పెదవుల రంగు మారుతోందా అని కళ్లార్పకుండా చూస్తుండాలి. ఇరవై ఎనిమిదేళ్లు అలా ఊపిరిని కాపలా కాసిన మనిషి ఎంత ఓపికగల మనిషై ఉంటుందో!

ఇంకొకటి. అది పరదా కాలం. మగ డాక్టరుకు నాడి చూపించటానికే తెర కట్టే ఇళ్లు. అలాంటి ఇంటినుంచి వచ్చిన ఆడది, లోపలి జబ్బుకు ఆపరేషన్ బల్ల ఎక్కాలంటే ఏం కావాలి? కళ్లు మూతపడే ముందు కనిపించే ముఖం, కళ్లు తెరిచాక కనిపించే ముఖం ఆడముఖమైతే ఎంత ధైర్యం! మా అత్తమ్మకు 2003లో కూడా ఆ ధైర్యమే కావలసివచ్చింది. అందుకే రూపాబాయి సంగతి నాకు చరిత్రలాగా అనిపించదు.

ఓడెక్కిన హకీం

ఇరవయ్యేళ్లు పనిచేశాక చాలామందిమి ఏమనుకుంటాం? ఇక మనకు తెలియనిదేముందనుకుంటాం. రూపాబాయి అలా అనుకోలేదు. మత్తుమందు శాస్త్రమంటూ విడిగా ఎక్కడా చదువు లేని రోజులవి. వాయువులు ఎలా ప్రవర్తిస్తాయో, మందు ఒంట్లో ఏం చేస్తుందో తెలియాలంటే భౌతిక, రసాయన శాస్త్రాలు రావాలని గ్రహించింది. 1909లో ఎడింబరోకు ఓడెక్కింది. సింప్సన్ బల్ల కింద నిద్రపోయిన ఊరు, లారీ చదివిన ఊరు! ఆ ప్రయాణంలోనే అనీబిసెంట్ పరిచయమైంది. ముక్కూమొగం తెలియని ఊరికి పోతున్న ఈ హైదరాబాదు డాక్టరమ్మ చేతికి ఆమె పరిచయ ఉత్తరం రాసి ఇచ్చింది. ఎడింబరోలో రూపాబాయి భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకుంది. పట్టా వచ్చి ఇరవయ్యేళ్లయ్యాక, పడుచుపిల్లల పక్కన బల్లమీద కూర్చుని!

తిరిగి వచ్చి మళ్లీ ఈ ఊళ్లోనే పని. చివరికి చాదర్‌ఘాట్ ఆస్పత్రికి సూపరింటెండెంట్ అయి 1920లో పదవీ విరమణ చేసింది. వైద్యచరిత్ర రాసేవాళ్లు ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరని ఆమె పేరే రాస్తున్నారు. ఇదే ఊళ్లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్ పేరు చిన్నపిల్లలకు కూడా తెలుసు. రూపాబాయి పేరు మా గల్లీలో నేను అడిగిన ఒక్కరికీ తెలియదు.

మత్తు లేని బల్లమీద

మా అత్తమ్మ బాధకు తిరిగి వస్తాను. ఆ చిల్లును కుట్టే విద్య ఎక్కడ పుట్టిందో తెలుసుకున్నాక, తలాపున ఒకరు కూర్చోవటమంటే ఏమిటో నాకు ఇంకా బాగా అర్థమైంది.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో మాంట్‌గొమరీ అనే ఊరు. 1845లో అక్కడ అనార్కా అనే పదిహేడేళ్ల బానిస పిల్లకు మూడు రోజులు కాన్పు నొప్పులు. బిడ్డ తల అడ్డం పడి కదలకపోతే, తలకూ కటి ఎముకకూ మధ్య మూత్రాశయం నలిగిపోతుంది. రక్తం ఆడక ఆ చోటు చచ్చిపోయి, కొన్నాళ్లకు చిల్లు పడుతుంది. అనార్కాకు అదే జరిగింది. మారియన్ సిమ్స్ అనే డాక్టరు ఆమెనూ, అదే బాధ ఉన్న లూసీ, బెట్సీ మొదలైన బానిస స్త్రీలనూ పెట్టుకుని ఆపరేషన్లు మొదలుపెట్టాడు. నాలుగేళ్లు. అనార్కా ఒక్కదానికే ముప్పై సార్లు! ఈథర్ వచ్చింది, క్లోరోఫాం వచ్చింది, వీళ్లకు మాత్రం మత్తు ఇవ్వలేదు. ఒకరిని కోస్తుంటే మిగతావాళ్లు పట్టుకునేవాళ్లు. వాళ్ల ఇష్టం అడిగే అవసరమే లేదు, బానిసలు గనక. 1849లో వెండి తీగతో కుడితే చిల్లు మూసుకుంది. సిమ్స్ 1855లో న్యూయార్కులో ఆడవాళ్ల ఆస్పత్రి మొదలుపెట్టాడు. ఆయనకు విగ్రహాలు లేచాయి. ఆడవాళ్ల డాక్టరు దగ్గర లోపల చూడటానికి వాడే ఒక చెంచాలాంటి పరికరం ఉంటుంది కదా, ఈనాటికీ దాని పేరు సిమ్స్ స్పెక్యులం. న్యూయార్కు సెంట్రల్ పార్కులో ఉన్న ఆయన విగ్రహాన్ని 2018లో తీసేశారు. 2021లో మాంట్‌గొమరీలో అనార్కా, లూసీ, బెట్సీలకు విగ్రహాలు పెట్టారు. చూడండి, ఎన్నేళ్లకు!

ఆ విద్య వల్లే మా అత్తమ్మ బాగుపడింది. అందుకని సిమ్స్‌కు దండం పెట్టాలో, తిట్టాలో నాకు ఇప్పటికీ తేలలేదు. అనార్కాకు మాత్రం దండం పెడతాను.

ఎవరిది ఏ రకం?

ఇంతకీ మన సంగతి. మూత్రం కారటమంతా ఒకటే జబ్బు కాదు. దగ్గినా, తుమ్మినా, నవ్వినా, బిందె ఎత్తినా బొట్లు పడితే అది కటి కింది కండరాలు వదులైనందువల్ల. కాన్పులు, బరువు, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం, బహిష్టులు ఆగిపోవటం దీనికి కారణాలు. నాది ఇదే. ఉన్నట్టుండి ఆపుకోలేని తొందర వచ్చి, బాత్‌రూమ్ తలుపు దాకా చేరకముందే అయిపోతే అది మూత్రాశయం అతిగా బిగుసుకోవటం. ఈ రెండూ కలిసి కూడా వస్తాయి. షుగరు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా తొందర పెడతాయి గనక ముందు మూత్ర పరీక్ష, షుగరు పరీక్ష చేయిస్తారు. వేళాపాళా లేకుండా నిరంతరం కారుతుంటే మాత్రం, ముఖ్యంగా కాన్పో గర్భసంచి ఆపరేషనో అయిన కొద్ది రోజులకే మొదలైతే, ఫిస్టులా ఏమోనని అనుమానించాలి. సిజేరియన్లు అందుబాటులోకి వచ్చాక అనార్కాకు వచ్చిన రకం మనవైపు బాగా తగ్గింది. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది మా అత్తమ్మకు వచ్చిన రకమే. గర్భసంచులు తీయించుకోవటంలో దేశంలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందువరుసలో ఉన్నాయని మరిచిపోకండి. నేను దగ్గితే తడుస్తోందని మొదటిసారి పోయిన చోట, గర్భసంచి తీసేస్తే పోతుందన్నారు. గర్భసంచి తీసెయ్యటం మూత్రం కారటానికి వైద్యం కాదు. నేను లేచి వచ్చేశాను. అత్తమ్మను చూసిన కళ్లు కదా!

నాకు కుదిరింది వ్యాయామం. అమెరికాలో ఆర్నాల్డ్ కెగెల్ అనే డాక్టరు 1948లో ప్రకటించిన పద్ధతి. నలుగురిలో గ్యాసు రాకుండా ఆపుకుంటాం చూడండి, అలా కింది కండరాలను లోపలికి, పైకి బిగించాలి. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. బిగించి మూడు నాలుగు అంకెలు లెక్కపెట్టి వదలాలి, అంతసేపూ విశ్రాంతినివ్వాలి. అలవాటయ్యాక పది అంకెల దాకా పెంచుకోవచ్చు. ఒక విడతకు ఎనిమిది పది సార్లు, రోజుకు మూడు విడతలు. కనీసం మూడు నెలలు చెయ్యాలి. నెలకే లాభం లేదని మానేసినవాళ్లను చాలామందిని చూశాను. మూత్రం పోస్తూ మధ్యలో ఆపే అలవాటు చేసుకోవద్దు. సరిగ్గా చేస్తున్నామో లేదో డాక్టరు దగ్గరో ఫిజియోథెరపిస్టు దగ్గరో ఒకసారి చూపించుకోవటం మంచిది. నేను గల్లాపెట్టె దగ్గర కూర్చునే చేసేదాన్ని. గాజులు బేరమాడేవాళ్లకు ఏం తెలుస్తుంది!

తొందర రకానికి వేరే సాధన ఉంది. ఎన్ని గంటలకు పోతున్నామో మూడు రోజులు కాగితం మీద రాసుకుని, ఆ వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. కనీసం ఆరు వారాలు పడుతుంది. టీ, కాఫీలు తగ్గించుకోవాలి. అంతేగాని నీళ్లు మానెయ్యకూడదు, మూత్రం చిక్కబడి మంట, తొందర ఇంకా పెరుగుతాయి. లొంగకపోతే మాత్రలున్నాయి. బహిష్టులు ఆగిపోయినవాళ్లకు లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీము పనిచేస్తుంది, డాక్టరు రాసిస్తేనే సుమా. దగ్గితే కారే రకం వ్యాయామానికి లొంగకపోతే మూత్రనాళం కింద ఆధారం కట్టే ఆపరేషన్లున్నాయి. అందులో కృత్రిమమైన వలపట్టీ పెట్టే పద్ధతి వల్ల కొందరికి తరవాత నొప్పులొచ్చి, 2018లో ఇంగ్లండులో దాన్ని ఆపి ఉంచారు. ఏ పద్ధతి చేస్తారో, మంచేమిటో, చెడేమిటో ముందే అడగండి. మూత్రంలో రక్తం పడినా, కాళ్లలో ఉన్నట్టుండి తిమ్మిరి, బలహీనత వచ్చినా ఇంట్లో వ్యాయామాలతో కాలం గడపకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

ఫిస్టులా మాత్రం వ్యాయామానికి తగ్గదు. చిన్నదై, వెంటనే గుర్తిస్తే కొన్నాళ్లు గొట్టం వేసి ఉంచితే ఒక్కోసారి దానంతటదే మూసుకుంటుంది. లేకపోతే కుట్టాలి. మా అత్తమ్మకు కుట్టాక రెండు వారాలకు పైగా గొట్టం, సంచి ఉంచారు. గొట్టం తీసిన రాత్రి ఆమె నిద్రపోలేదు, నేనూ పోలేదు. గంటకోసారి చేత్తో పక్క తడుముకుని చూసుకుంది. పొడి. తెల్లవారేదాకా పొడి!

ఇంటికి వచ్చిన మూడో నెలలో ఒక శుక్రవారం పొద్దున, ఎవరికీ చెప్పకుండా, తెల్లటి నేత చీర కట్టుకుని అత్తమ్మ మెట్లు దిగింది. మా దుకాణంలో ఆగలేదు. కమాన్ల కింద మూడు దుకాణాలు దాటి, మాకు తెలిసిన చీరల సేఠ్ దగ్గరికి పోయి, చెప్పులు విప్పి, ఉతికిన తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద దర్జాగా కూర్చుంది. తొమ్మిదేళ్ల తరవాత కనిపించిందని సేఠ్ చాయ్ తెప్పించాడు. తాగింది. ఇంకోటి తెప్పిస్తే అదీ తాగింది. రెండు గంటలసేపు కూర్చుని, నలభై చీరలు విప్పించి, ఒక్కటీ కొనకుండా లేచి వచ్చింది.